జీతాల షీట్‌ల నేషనాలిటీ కాలమ్

మా జగిత్యాల దిక్కు ఏ గల్ఫ్ దేశం పోయినా దుబాయ్ పోయిండు అనే అంటరు. నేను పోయింది ఖతార్, దోహా, అయినా మా గల్లీల ఇప్పటికీ నేను దుబాయోన్నే. పోయొచ్చినోళ్లను ఎవలనన్న అడగండ్రి, అప్పు ఎంతయింది, ఎండ ఎట్ల కొట్టింది, ఓటీ, అంటే ఓవర్‌టైమ్, పైసలు ఎట్ల ఎగ్గొట్టిండ్రు, ఇవే చెప్తరు. అవన్నీ నిజమే. గానీ నేను అక్కడ టైమ్‌కీపర్ పని చేసిన, అంటే హాజరు, జీతాల లెక్కలు అన్నీ నా చేతుల మీదికెల్లి పోతుండె, అందుకే నేను చూసింది జర వేరే దిక్కుకెల్లి, కాయితం దిక్కుకెల్లి. అది రాస్తున్న. పొడుగైతది, ఓపికున్నోళ్లు చదవండ్రి.

2012ల బీకామ్ అయిపోయి ఖాళీగ ఉన్న. ఏజెంటు వచ్చి టైమ్‌కీపర్ అన్నడు, ఎక్సెల్ వస్తె చాలు అన్నడు. ఇంటర్వ్యూ ముంబైల, ఒక లాడ్జి మీది అంతస్తుల, మెట్ల పొడుగునా మనోళ్లే, బీహారోళ్లు, రాజస్థానోళ్లు ఫైళ్లు చంకల పెట్టుకొని నిలబడ్డరు. లోపల గోడకు ఒక కాయితం అతికిచ్చి ఉండె. ఎడమ దిక్కు పని పేరు, మేసన్, కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, హెల్పర్. పైన అడ్డంగ దేశాల పేర్లు, ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్. ఒక్కో డబ్బల ఒక్కో జీతం. మా మార్కెట్ యార్డుల వడ్లకు ఏ గ్రేడు, కామన్ అని రేటు బోర్డు పెడ్తరు చూడండ్రి, అచ్చం గట్ల. ముంబైల నేపాలోళ్ల రేటు ఎందుకు అతికిచ్చిండ్రు అని ఏజెంటును అడిగితే, కంపెనీ ఒకటే కాయితం తయారు చేసి అన్ని దేశాలకు పంపుతది, నీకెందుకు, నీ డబ్బ నువ్వు చూసుకో అన్నడు. నేను నా డబ్బ చూసుకున్న, 1,800 రియాల్లు, రూపాయలకు మార్చి చూస్తె మా ఊర్ల టీచర్ జీతం అంత అనిపిచ్చింది, సంతకం పెట్టిన. దోహాల దిగినంక అరబ్బీల ఉన్న ఇంకో కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు, అండ్ల 1,500. అది అందరికి అయ్యే ముచ్చటే, దాని మీద ఇగ ఎక్కువ చెప్ప.

క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియాల. దోహా పోనోళ్లకు చెప్తున్న, సిటీ ఒక దిక్కు, ఇండస్ట్రియల్ ఏరియా ఒక దిక్కు, గల్లీలకు పేర్లుండయ్, నంబర్లే, స్ట్రీట్ ఇంత, స్ట్రీట్ అంత. గ్యారేజీలు, సిమెంటు గోదాములు, వాటి నడుమ మా క్యాంపులు, లారీల దుమ్ము. కంపెనీ బస్సు పొద్దుగాల నాలుగున్నరకు తీస్కపోయి సాయంత్రం తెచ్చి దింపుతది. ఊరవతల ఎందుకు పెట్టిండ్రు, స్థలం అగ్గువకు దొరుకుతదేమో అనుకున్న మొదట్ల. తర్వాత ఒక మందూబ్, అంటే కంపెనీ ప్రభుత్వ పనులు చూసే మనిషి, చెప్పిండు, 2010ల 15వ నంబర్ చట్టం ఒకటి వచ్చిందట, కుటుంబాలు ఉండే ఏరియాలల్ల కార్మికుల క్యాంపులు ఉండద్దు అని, ఏ ఏరియా ఫ్యామిలీలదో మున్సిపాలిటీ మ్యాపులు గూడ పెట్టింది. చట్టంల ఏ దేశపోడు అని ఒక్క ముక్క లేదు. కార్మికుడు అని ఉంటది, ఫ్యామిలీ అని ఉంటది. గానీ భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలె అని ఇంకో రూలు, ఆ జీతం హెల్పర్‌కో మేసన్‌కో ఎన్నడన్న వస్తదా? ఇంట్ల భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న నలభై ఏండ్ల మనిషి గూడ అక్కడ బ్యాచిలరే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. టైమ్‌కీపర్ చేతుల ఒక షీట్ ఉంటది. కోడు, పేరు, ట్రేడు, బతాకా (అక్కడి ఐడీ కార్డు) నంబరు, నేషనాలిటీ, బేసిక్, ఫుడ్, ఓటీ రేటు. మొదటి నెల నేను దాన్ని హాజరు కోసమే చూసిన. ఒకరోజు అకౌంట్సోళ్లు నేపాలోళ్ల లెక్క ఒక్కటే విడిగ కావాలె అంటే నేషనాలిటీ మీద ఫిల్టర్ పెట్టిన, అంటే ఒక్క దేశపోళ్ల వరుసలే కనబడేటట్టు. బేసిక్ కాలమ్ మొత్తం ఒకటే అంకె, పైకెల్లి కింది దాకా, 600, 600, 600. తీసేసి బంగ్లాదేశ్ పెట్టిన, అదే అంకె. ఇండియా పెట్టిన, హెల్పర్లకు 750. ఫిలిప్పీన్స్ హెల్పర్లు ఉండుడే తక్కువ, ఉన్న నలుగురికి 1,100. అందరిది ఒకటే పని, ఒకటే గడ్డపార, ఒకటే ఎండ. పైకి పోతున్న కొద్ది తేడా ఇంకా పెరుగుతది. ఫోర్‌మన్ ఇండియా అయితె 2,200, ఈజిప్టు అయితె 3,500. సేఫ్టీ ఆఫీసర్ ఇండియా 4,000, ఫిలిప్పీన్స్ 5,000, బ్రిటన్ 19,000. ఇవి మా కంపెనీ అంకెలు, అన్ని చోట్ల ఇవే ఉంటయని నేను అంటలేను, గానీ వేరే కంపెనీల టైమ్‌కీపర్లను అడిగితె వరుస మాత్రం అదే చెప్పిండ్రు, ఎవలు పైన ఎవలు కింద అనేది.

ఆ సేఫ్టీ ఆఫీసర్ల ముచ్చట జర చెప్పాలె. కేరళ ఆయన, బ్రిటన్ ఆయన, ఇద్దరిది ఒకటే నెబాష్ సర్టిఫికెట్, అంటే సేఫ్టీ పనికి రాసే పరీక్షది, ఫైల్ల రెండు కాపీలు పక్కపక్కన పెట్టి నేనే చూసిన, కేరళ ఆయన పాసయింది నాలుగేండ్లు ముందు. పొద్దుగాల ఏడింటికి మచాన్, అంటే పరంజా, ఎక్కి బెల్టులు చూసేది కేరళ ఆయనే, రిపోర్టు రాసేది ఆయనే, దాని మీద సంతకం బ్రిటన్ ఆయనది. బ్రిటన్ ఆయన చెడ్డోడా అంటే కాదు, నిజం చెప్పాలంటే మస్తు మంచోడు, హెల్పర్ల పేర్లు గుర్తు పెట్టుకొని పిలుస్తుండె, ఎండల పడిపోయినోన్ని సొంత కారుల దవాఖానకు తీస్కపోయిండు ఒకసారి. ఆయనకు సిటీల ఫ్లాటు, బండి, పిల్లల స్కూల్ ఫీజు, ఏడాదికోసారి ఇంటిల్లిపాదికి టికెట్. కేరళ ఆయనకు ఇద్దరుండే రూము, రెండేండ్లకోసారి ఒక్కనికి టికెట్. ఇద్దరు మధ్యాహ్నం ఒకటే టేబుల్ మీద తినేటోళ్లు, జీతం ముచ్చట ఎన్నడు ఎత్తకపోతుండ్రి. కేరళ ఆయనకు తెలుసు. బ్రిటన్ ఆయనకు గూడ తెలుసు అనే నా అనుమానం.

మా అకౌంటెంటు ఈజిప్టు ఆయనను అడిగిన, ఎందుకిట్ల అని. కోపానికి రాలే, మంచిగనే సమ్జాయిచ్చిండు. బ్రిటన్‌ల ఖర్చు ఎక్కువ, 4,000కు ఆయన రాడు, మీరు వస్తరు, నేపాలోడు 600కే వస్తడు, బజార్ల ఏ ధరకు దొరుకుతదో ఆ ధరకే కొంటం కదా అన్నడు. ఈ మాట గల్ఫ్‌ల ఎవలను అడిగినా ఇదే చెప్తరు, మనోళ్లు గూడ ఇదే చెప్తరు. కొంత దాంట్ల నిజం ఉన్నది గూడ. ఫిలిప్పీన్స్ సర్కారు తన దేశపు ఇంటిపని ఆడోళ్లకు నెలకు 400 డాలర్లకు తక్కువిస్తె పంపం అని రూలు పెట్టింది, కాబట్టి వాళ్ల రేటు లేచింది, మన సర్కారు గట్టిగ నిలబడలేదు కాబట్టి మన రేటు మనది. సరే అనుకున్న. ఈ లెక్క ప్రకారం జీతం అంటే ఆ మనిషి ఊర్ల ఖర్చు. ముంబైల కిరాయి కట్టేటోనికి, మా ధర్మపురి పక్క పల్లెటూరోనికి ఒకటే 750 ఎందుకిచ్చిండ్రో మరి, అది మాత్రం ఆయన చెప్పలే.

సైటు మీద గూడ ఇదే వరుస. మెస్సులు మూడు, ఏ, బీ, సీ. ఏ మెస్సుల టేబుల్ మీద బట్ట, బీల స్టీలు ప్లేట్లు, సీల బయట షెడ్డు కింద నేల మీద కూసొని పొద్దుగాల నాలుగింటికి కట్టిచ్చుకొచ్చిన డబ్బా తినుడు, ఎండాకాలం పదకొండు వరకు పప్పు పులిసిపోతుండె. నేను బీ. మంచినీళ్ల కూలరు స్టాఫ్‌కు ఒకటి, లేబర్‌కు ఒకటి, రెండిట్ల నీళ్లు ఒకటే ట్యాంకర్‌వి. బాత్రూమ్‌ల తలుపు మీద స్టాఫ్ అని రాసుంటది, తాళం ఉంటది, తాళంచెవి నా డెస్కు మీద మొలకు తగిలేసి ఉంటుండె. తెల్ల ఇంజినీర్లు చెవి అడుగుడు ఎన్నడు లేదు, వచ్చి తీసుకునుడే. మన ఇంజినీర్లు వచ్చి అడుగుతుండ్రి. ఒక పాకిస్తాన్ ఛార్జ్‌హ్యాండ్ (ఫోర్‌మన్ కింద గ్యాంగును చూసేటోడు) పెద్దాయన, షుగర్ పేషెంటు, సగం సైటు దాటి లేబర్ బాత్రూమ్ దాకా నడిచి పోతుండె, చెవి తీస్కపో చాచా అని నేనే చేతుల పెడ్తె తప్ప ముట్టకపోతుండె.

శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ శుక్రవారమే మాల్సుల ఫ్యామిలీ డే. నేను, మా రూముల ఉండే, మా జగిత్యాల పక్క మల్యాల ఊరి పిల్లగాడు ఒకడు, నేపాల్ స్టీల్ ఫిక్సర్ ఒకాయన, ముగ్గురం కలిసి ఒక పెద్ద మాల్ పోయినం, మల్యాలోనికి చెల్లె పెండ్లికి ఫోన్ కొని పంపాలె, అండ్ల ఆఫర్ ఉన్నదట. బస్సు దిగి ఎండల నడిచి తలుపు కాడికి పోంగనే సెక్యూరిటీ, కెన్యా మనిషి, చెయ్యి అడ్డం పెట్టిండు. "బ్రదర్, టుడే ఫ్యామిలీ" అన్నడు. గట్టిగ గూడ అనలే. మేం పక్కకు జరిగి నిలబడ్డం. మా ముందటికెల్లే ఒక తెల్లాయన, నిక్కరు, రబ్బరు చెప్పులు, ఒక్కడే, ఫోన్ చూసుకుంట లోపలికి పోయిండు. వెనుక నలుగురు అరబ్బు పోరగాండ్లు పోయిండ్రు. మల్యాలోడు నా అంగీ గుంజుకుంట "అన్నా, గాయిన పెండ్లాం ఏది అని అడుగే ఇంగ్లీషుల" అంటడు. నేను అడిగిన, జర మర్యాదగనే. కెన్యా ఆయన జవాబు చెప్పలే, మా కాళ్ల దిక్కు చూసిండు. నేపాల్ ఆయనకు సేఫ్టీ బూట్లు, వేరే జత ఆయన కాడ లేదు. మల్యాలోనివి రబ్బరు చెప్పులే, తెల్లాయనవి ఉన్నట్టే.

తర్వాత శుక్రవారం నేనొక్కన్నే పోయిన, ఆఫీసు ప్యాంటు, ఇస్త్రీ అంగీ లోపలికి దోపి, మెడల కంపెనీ ఐడీ కార్డు తాడు. అదే మనిషి తలుపు తీసి "వెల్కమ్ సర్" అన్నడు. ఫోన్ కొన్న, మల్యాలోని పైసలతోటి.

ఆ కెన్యా ఆయన తర్వాత ఒకసారి ఇండస్ట్రియల్ ఏరియా బస్సుల కలిసిండు, మా క్యాంపుకు రెండు గల్లీల అవతలనే ఉంటడట, రూముకు పదిమంది. నన్ను గుర్తు పట్టిండు. బ్యాచిలర్లు లోపల ఎక్కువ కనబడితె సూపర్‌వైజర్ నా జీతం కోస్తడు అన్నడు. నువ్వు సెలవు రోజు పోతవా ఆ మాల్‌కు అంటే నవ్విండు, యూనిఫాం ఉంటెనే లోపలికి పోవుడు, లేకుంటె నన్ను గూడ ఆపుతరు, ఆపేది నా దోస్తే అన్నడు. సెక్యూరిటీల వాళ్లకు మా హెల్పర్ల కంటె జర ఎక్కువ, గానీ పన్నెండు గంటలు నిలబడే ఉండాలె.

మనోళ్లు తక్కువేం కాదు, అది గూడ రాయాలె కదా. క్యాంపుల నేపాలోన్ని పేరుతోటి పిలిచేటోడు లేడు, అందరు బహదూరే. ఆఫ్రికా పిల్లగాండ్లు మా బ్లాకుకు వచ్చినప్పుడు మా రూమోళ్లే బాత్రూమ్ లైన్ల వాళ్ల వెనుక నిలబడనీకి గులిగిండ్రు, క్యాంపు బాసుకు కంప్లైంట్ ఇద్దామన్నరు. కొత్తగ వచ్చిన తెలుగోన్ని రూముల ఏసుకునే ముందు ఇంటిపేరు అడుగుడు, ఏ వాడకట్టు అని అడుగుడు, అవి ఉండనే ఉండె. 2019 ఆఖర్ల యూఎన్ కెల్లి జాత్యహంకారం మీద నిపుణురాలు ఒకామె, తెందాయి అచియూమే అని, ఖతార్ వచ్చి చూసి పోయింది, ఆ రిపోర్టు 2020ల వచ్చింది, ఇక్కడ దేశాన్ని బట్టి నడిచే కుల వ్యవస్థ లాంటిది ఉన్నది అని అండ్ల రాసింది. కులం అనే రాసింది మరి. నేను ఫోన్ల చదివి మా రూముల తెలుగుల చెప్తుంటె, కింది మంచం మీద ఉండే కోరుట్ల దిక్కు అన్న, దళితవాడ ఆయన, బట్టలు మడతేసుకుంట అన్నడు, "గా మేడమ్‌ను మా ఊరికి గూడ జర పిలువరాదే." అందరం నవ్వినం. ఆయన నవ్వలే. మళ్ల ఆయననే అన్నడు, ఊర్ల ఎవడు ఏందో పుట్టినకాన్నుంచి తెలిసే ఉంటది, ఇక్కడ కార్డు మీద అచ్చేసి మెడల ఏస్తరు, అంతే తేడా అని.

ఇగ అమెరికా సార్ ముచ్చట. మా ప్రాజెక్టుకు ప్లానింగ్ మేనేజర్‌గ వచ్చిండు, గుంటూరు దిక్కు మనిషి, హ్యూస్టన్‌ల మస్తు ఏండ్లు చేసి అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నడు. నేను తెలుగోన్నని తెలిసి మొదటి రోజే వచ్చి "ఏ ఊరు బాబూ మీది? సార్ ఏంటి సార్, అన్నా అను" అన్నడు. టైమ్‌షీట్ సంతకాలకు ఆయన కాడికి రోజు పోవాలె కాబట్టి ముచ్చట పడ్డది. ఒకరోజు నవ్వుకుంట చెప్పిండు, "మొదట వీళ్లిచ్చిన ఆఫర్ చూసి నాకే నవ్వొచ్చిందయ్యా. పేరు చూసి ఇండియన్ అనుకున్నారు. నేనేం మాట్లాడలేదు, పాస్‌పోర్ట్ కాపీ పంపించా అంతే. మర్నాడు కొత్త ఆఫర్, రెండింతల పైనే." మనిషి అదే, చదువు అదే, అనుభవం అదే, ఒక రాత్రిల రేటు మారింది.

ఆయన కిందనే వరంగల్ ఆయన ఒకాయన ప్లానింగ్ ఇంజినీరు, ఇద్దరు ఒకటే కాలేజీ, బ్యాచులు రెండు మూడేండ్ల తేడా. ప్రిమావెరా అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ల షెడ్యూల్ మొత్తం చేసేది వరంగల్ ఆయన. ఆయన జీతం అమెరికా అన్న జీతంల మూడో వంతు గూడ లేదు, షీట్ నా కాడనే ఉంటది కాబట్టి నాకు తెలుసు. పాస్‌పోర్టు ఒక్కటే తేడా అంటే గట్ల గూడ కాదు. కన్సల్టెంట్ ఆఫీసుకెల్లి మీటింగ్‌కు వచ్చినోళ్లు తలుపు తీసుకొని సీదా పోయి ఐర్లండ్ పిల్లగానికి షేక్‌హ్యాండ్ ఇచ్చిండ్రు, మేనేజర్ ఆయననే అనుకొని, ఆ పిల్లగాడు కొలువుకు వచ్చి ఏడాది గూడ కాలే, ఎర్రగ అయి మా అన్న దిక్కు చూపెట్టిండు. శుక్రవారం నిక్కరేసుకొని మాల్ పోతె అన్నను గూడ ఆపిండ్రట. ఫోన్ల పాస్‌పోర్టు ఫోటో చూపిచ్చి లోపలికి పోయినా అని చెప్పిండు. చెప్పేటప్పుడు నవ్వలే ఆ ఒక్కసారి. జీతం కాడ పాస్‌పోర్టు, తలుపు కాడ మొఖం.

2019ల మెట్రో వచ్చింది, గోల్డ్, ఫ్యామిలీ, స్టాండర్డ్ అని డబ్బాలు, ఒంటరి మగోడు స్టాండర్డ్‌ల ఎక్కాలె. మెట్రోల మమ్ముల్ని ఎవలు ఆపలే, మస్తు మంచిగుండె, రెండు రియాల్లకు సిటీ మొత్తం తిరిగినం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె.

తర్వాత కరోనా. 2020 మార్చిల ఇండస్ట్రియల్ ఏరియాల మేమున్న భాగం మొత్తం మూసేసిండ్రు, పోలీసు బండ్లు అడ్డం పెట్టి, లోపలోళ్లు లోపలే. రోగం ఎవలకన్న రావొచ్చు, దూరం దూరం ఉండుమన్నరు, ఎనిమిది మంది ఉన్న రూముల దూరం ఎట్ల ఉంటరు, రెండంతస్తుల మంచాలు, పై మంచమోడు దగ్గితె కింది మంచం మీద పడ్తది. మా సీనియర్ స్టాఫ్ సిటీల ఫ్లాట్లల్ల కూసొని ల్యాప్‌టాప్ మీద పని చేసిండ్రు. ఇద్దరికి ఒకటే కంపెనీ, ఒకటే నెల జీతం తారీఖు. బియ్యం, పప్పు లారీల వచ్చినయ్, ఆ మాట గూడ చెప్తున్న, ఆకలితోటి అయితె ఉంచలే. గానీ ఆ గేటు ఏ స్ట్రీట్ కాడ పెట్టాలె అని మ్యాప్ మీద గీత గీసేటోనికి పని ఎంత అల్కగ అయిందో చూడండ్రి, కార్మికులందరు ముందుగాలనే ఒక్క దగ్గర పెట్టి ఉన్నరు.

ఆ ఏడాదే మన దిక్కు ఒక ముచ్చటయింది, మస్తు మందికి తెల్వది. 2020 సెప్టెంబర్ల మన కేంద్ర సర్కారు గల్ఫ్ పోయేటోళ్ల కనీస జీతాలను తగ్గిస్తు సర్క్యులర్లు తీసింది, ఖతార్‌కు నెలకు 200 డాలర్లు అని. డాలర్‌కు 3.64 రియాల్ల చొప్పున లెక్కేస్తె 728. దానికి కొద్ది రోజుల ముందే, ఆగస్టు ఆఖర్ల, ఖతార్ ఏం చేసిందంటే, ఏ దేశపోడైనా సరే కనీస జీతం 1,000 రియాల్లు, తిండి ఇయ్యకుంటె 300, రూము ఇయ్యకుంటె 500 అదనం అని చట్టం తెచ్చింది, 2021 మార్చి 20 కెల్లి అమలు. ఉద్యోగం మారనీకి పాత కంపెనీ ఎన్‌ఓసీ, అంటే మాకేం అభ్యంతరం లేదు అనే కాయితం, అక్కర్లేదు అన్నది గూడ అప్పుడే. అంటే అక్కడోళ్లు 1,000 అంటుంటె మన సర్కారు మనోళ్లు 728కే వస్తరు అని చీటీ రాసిచ్చింది. ఎందుకు అంటే కరోనాల మనోళ్ల కొలువులు పోవద్దని అన్నరు. తెలంగాణ హైకోర్టుల కేసు గూడ ఏసిండ్రు మన గల్ఫ్ సంఘాలోళ్లు, తర్వాతి ఏడాది ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నరు.

2021 మార్చిల షీట్ మార్చింది నేనే. బేసిక్ 1,000కు తక్కువున్నోళ్లను ఫిల్టర్ చేసి అందరికి 1,000 కొట్టిన, ఒక్క సాయంత్రంల అయిపోయింది. 600 ఉన్న నేపాల్ హెల్పర్‌కు, 750 ఉన్న మనోనికి ఒకటే అంకె, నేషనాలిటీ కాలమ్‌ల ఏది నొక్కినా మొదటిసారి ఒకటే. మరునాడే మనోళ్లు నా డెస్కు కాడికి వచ్చిండ్రు. జీతం పెరిగింది అని సంబురం ఒక దిక్కు, బహదూర్‌కు గూడ మా అంతనేనా అని గులుగుడు ఒక దిక్కు. పదేండ్ల కాన్నుంచి చేసి 1,000 దాకా వచ్చిన ఒక మేసన్ అయితె, నిన్న దిగిన పోరగాడు నేను ఒకటేనా అన్నడు, ఆయన బాధల అర్థం ఉన్నది. పై జీతాల దిక్కు మాత్రం ఒక్క అంకె కదలలే. చట్టం అడుగున ఒక గీత గీసింది అంతే, ఆ గీత మీద పాత మెట్లు పాతవే.

నేను గూడ కొలువు మారిన ఆ ఏడాదే, ఎన్‌ఓసీ పీడ పోయింది కాబట్టి. ప్రకటనలల్ల సీదా రాస్తరు, అరబ్ నేషనల్ ప్రిఫర్డ్, ఫిలిపినో ఓన్లీ, అని. ఫోన్ చేస్తె పేరు తర్వాత రెండో ప్రశ్న నేషనాలిటీ, అనుభవం ఎంత అనేది నాలుగో ఐదో ప్రశ్న. ఆఖరుకు ఒక కంపెనీల డాక్యుమెంట్ కంట్రోలర్ దొరికింది, హెచ్‌ఆర్ మలయాళీ ఆయన, 5,500 అడిగిన. ఇండియన్‌కు బడ్జెట్ 4,000 వరకే ఉన్నది, మనోడివి కాబట్టి 4,200 చేస్త అన్నడు. ఒప్పుకున్న, పాతదాంట్ల నాకు వచ్చేదానికంటె మస్తు ఎక్కువ. చేరినంక పాత ఫైళ్లు సర్దేది నా పనే కదా, నాకంటె ముందు ఆ కుర్చీల ఉన్న లెబనాన్ ఆయన సెటిల్‌మెంట్ కాయితం కనబడ్డది, అండ్ల ఆయన నెల జీతం 9,500. ఆయన పెట్టిపోయిన ఫోల్డర్లే, ఆయన ప్రింటరే, ఆయన కంటె నాకు ఇంకో ప్రాజెక్టు ఎక్కువ ఇచ్చిండ్రు. హెచ్‌ఆర్ ఆయనను అడిగితె, కాయితం తిప్పి పెట్టి, నాది గూడ ఇండియా రేటే బ్రదర్ అన్నడు.

సిటీల రూము దేవులాడుడు ఇంకో కథ, తొందరగ చెప్త. గోడల మీద చీటీలు, ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్స్, గోవా క్రిస్టియన్, కేరళ ముస్లిం, ఆంధ్రా ఫ్యామిలీ వెజ్ ఓన్లీ. తెలంగాణోన్ని, నాన్‌వెజ్, బ్యాచిలర్‌ను, మూడిట్ల తప్పిన. పాత విల్లాను ప్లైవుడ్డు కొట్టి పదకొండు ముక్కలు చేసిన దాంట్ల ఒక ముక్క దొరికింది, మున్సిపాలిటోళ్లు వస్తున్నరు అంటె లైట్లు బంద్ చేసి కూసునేటోళ్లం. 2022ల వరల్డ్ కప్ అప్పుడు కార్మికుల కోసం ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంల పెద్ద తెర పెట్టిండ్రు, పాత రూమోళ్లతోటి నేను గూడ పోయిన, మస్తు మజా చేసినం. మా మేసన్లు తెర మీద స్టేడియం చూసి ఆ పైకప్పు ఏ కంపెనీది, మచాన్ ఎవలు కట్టిండ్రు అని పందెం కాస్తుండె.

ఇంటికొచ్చి కొద్ది రోజులే అయింది, మా అక్క కొడుకు వచ్చిండు. "మామా, ఖతార్ కెల్లి స్టోర్‌కీపర్ ఆఫర్ వచ్చింది, 1,400, పోవాల్నా?" అని. ఇప్పుడు హైదరాబాద్‌లనే ఖతార్ వీసా సెంటర్ ఉన్నది, కాంట్రాక్టు తెలుగుల గూడ చూపెట్టుమని అడుగు, మెడికల్ అక్కడనే, సంతకం అక్కడనే, అక్కడ పెట్టిన అంకెనే అక్కడ దిగినంక గూడ ఉండాలె, నా లెక్క 1,800 చూపెట్టి 1,500 ఇచ్చుడు ఇప్పుడు గంత అల్కగ కాదు అని చెప్పిన. అదే కంపెనీల నాకు తెలిసినాయన ఉన్నడు, ఫోన్ చేసి స్టోర్‌కీపర్ అని కొట్టి ఫిల్టర్ పెట్టి చెప్పు అన్న. ఇండియా 1,400, ఫిలిప్పీన్స్ 2,300, జోర్డాన్ ఒకాయన ఉన్నడు 4,000 అన్నడు.

అల్లుడు వింటనే ఉన్నడు స్పీకర్ల. ఏజెంటు కాడికి పోయి 2,300 అడిగిండట. ఇండియా కోటాల గంత లేదు అన్నడట ఏజెంటు. ఎందుకు లేదు, స్టోర్‌ల సామాన్లు దేశం చూసి బరువైతయా అని ఈడు. రెండు మూడు సార్లు తిరిగి, ఇంకో కంపెనీ ఆఫర్ చూపెట్టి, 1,700కు, తిండి విడిగ 300కు ఒప్పిచ్చుకున్నడు. సంతకం అయింది, వచ్చే నెల టికెట్. ఏ మెస్సుల తినాలె అనేది కాయితంల ఏడ లేదు మామా అంటడు, అది ఎన్నడు కాయితంల ఉండదు అని చెప్పిన.